ఉప్పాడలో బావాబావమరుదుల తగువు

ఉప్పాడలో జాందానీ చీర ఎంచడమంటే ఒక పూట పని. లోపల ఆడవాళ్లు చీర తర్వాత చీర మడత విప్పిస్తుంటే, వెంట వచ్చిన మగవాళ్లకు బయట బెంచీ, టీ, కబుర్లు తప్ప గతి లేదు. మాఘమాసం పెళ్లికి చీరలు కొనే పనిమీద వచ్చి అలా బెంచీకి అంటుకుపోయినవాళ్లే ఈ ఇద్దరూ. బావగారు కాకినాడలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన లెక్చరరు. బావమరిది రామచంద్రపురం దగ్గర రైస్ మిల్లు నడుపుతూ పన్నెండెకరాల వరి కూడా చేయించే ఆసామి. ఇద్దరూ కల్పితాలేనని ముందే చెప్పేయడం మర్యాద. వాళ్ల వాదనలు మాత్రం ఏ మిల్లు అరుగు మీదైనా, ఏ పెళ్లి పందిట్లోనైనా వినబడేవే.

తగువుకు కారణం వచ్చే దారిలోనే కనబడింది. కాకినాడ నుంచి ఉప్పాడకు వచ్చే బీచ్ రోడ్డు పక్కన గోడలా పోసిన నల్లరాళ్లు. ఆ రాళ్ల సందుల్లోంచి ఎగిరి తారు మీద పడే ఉప్పునీళ్లు. అంచు విరిగి కంకర బయటపడ్డ రోడ్డు. తుపాను వచ్చిన ప్రతిసారీ దీన్ని మూసేస్తారు, తర్వాత మళ్లీ బాగుచేస్తారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడూ అదే జరిగింది. ఇళ్లూ గుళ్లూ ఒక్కొక్కటే సముద్రంలో కలిసిపోవడం ఈ ఊరికి తరాలుగా అలవాటైన కష్టం.

ముందు గిల్లింది బావమరిదే. “చూశారుగా బావగారూ, రేపు పేపర్లో దీన్ని కూడా భూతాపం ఖాతాలో రాసేస్తారు. ఇక్కడి జాలరిని అడగండి, చెబుతాడు. ఈ ఊరిని మింగింది భూతాపం కాదండీ, ఇసుక రాకపోవడం. గోదారి మీద ఎగువన జయక్వాడి, శ్రీరాంసాగర్ లాంటి డ్యాములు కట్టుకుంటూ పోయాం. ఒండ్రంతా అక్కడే ఆగిపోతోంది. సముద్రం మాత్రం తన కోత తను కోస్తూనే ఉంది. ఇక్కడేమో పోర్టు కట్టడాలు, అలల దారి మళ్లించే హోప్ ఐలాండు. అమెరికావోడి కారు పొగకీ మా ఉప్పాడకీ ఏంటండీ సంబంధం?”

బావగారు ఎగిరి పడలేదు. “సగానికి పైగా ఒప్పుకుంటున్నాను,” అన్నారు. “1970లలో గోదావరి ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసేది. 2000 దాటేసరికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. డెల్టా అంచు కోతకు మొదటి ముద్దాయి అదే. రెండో ముద్దాయి కూడా ఉన్నాడు. గత శతాబ్దం మొదలు నుంచి ప్రపంచ సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. ఇప్పుడు ఏడాదికి 4 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతోంది.”

“నాలుగు మిల్లీమీటర్లా! చీమ కూడా దాటేస్తుందండీ.”

“నిలువుగా కొలిస్తే అంతే. మన తీరం బల్లపరుపు నేల. నిలువున కొద్దిగా పెరిగినా అడ్డంగా ఎన్నో రెట్లు లోపలికొస్తుంది. పైగా తుపాను ఉప్పెన లేచేది ఆ పెరిగిన మట్టం మీద నుంచి. డెల్టా నేల కూడా తనంతట తను కుంగుతూ ఉంటుంది. అది మూడోది.”

ఇక్కడ బావమరిదికి ఒక మార్కు వేయాల్సిందే. ప్రతి ఉపద్రవానికీ వాతావరణ మార్పు చీటీ అంటించేవాళ్లు ఆ వాదానికే చేటు చేస్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడను ముంచిన బుడమేరు సంగతే తీసుకుంటే, కుంభవృష్టి ఒక కారణం, గండ్లు పడ్డ గట్లు, ఏటి దారిలో లేచిన ఇళ్లు మరో కారణం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ మోస్తుందన్నది భౌతికశాస్త్రం. ఆ తేమ వానై పడితే నీళ్లు పోవడానికి దారి ఉంచామా లేదా అన్నది మునిసిపాలిటీ సంగతి. రెండోదాన్ని దాచడానికి మొదటిదాన్ని అడ్డం పెట్టుకునే అధికారులకు ఎక్కడా కొరత లేదు.

టీలు వచ్చాయి. బావమరిది రెండో అస్త్రం తీశాడు. “సరేనండి. కానీ వాతావరణం ఎప్పుడు మారలేదు? మంచుయుగాలు వచ్చాయి, పోయాయి. అప్పుడెవడు బొగ్గు కాల్చాడు? సూర్యుడికో లెక్క ఉంటుంది, భూమికో లెక్క ఉంటుంది. మధ్యలో మనమెంత?”

లెక్చరరుకు పాఠం చెప్పే అవకాశమొస్తే వదులుతాడా? బావగారు గ్లాసు పక్కన పెట్టారు. “కార్బన్ డయాక్సైడు వేడిని పట్టి ఉంచుతుందని ఇవాళ ఎవరో ఉద్యమకారులు కనిపెట్టింది కాదు. 1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికా మహిళ గాజు గొట్టాల్లో వాయువులు నింపి ఎండలో పెట్టి చూసింది. ఈ వాయువున్న గొట్టమే ఎక్కువ వేడెక్కింది. మూడేళ్ల తర్వాత టిండాల్ అనే శాస్త్రవేత్త లాబొరేటరీలో కొలిచాడు. 1896లో స్వీడన్‌లో అరీనియస్, గాలిలో ఇది రెట్టింపైతే భూమి ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుందో చేత్తో లెక్కకట్టాడు. అప్పటికి మన కాకినాడలో కారు కూడా లేదు.”

“లెక్కలు సరే, కొలతలేవి?”

“1958లో చార్లెస్ కీలింగ్ హవాయిలో మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల పాళ్ల గాలిలో 315 పాళ్లుండేది. ఇప్పుడు 420 దాటింది. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న పాతగాలి బుడగల్ని కొలిస్తే, గత 8 లక్షల ఏళ్లలో పరిశ్రమలు రాకముందు అది సుమారు 300 దాటిన దాఖలా లేదు. నువ్వు చెప్పిన మంచుయుగాలన్నీ ఆ లెక్కలోనే ఉన్నాయి.”

“చెట్లూ చేమలూ కాలి, కుళ్లి వచ్చిందేమో.”

“దానికీ సాక్ష్యం ఉంది. కార్బన్‌లో 14 అనే రకం కాలంతోపాటు తరిగిపోతుంది. కోట్ల ఏళ్లు భూమిలో ఉన్న బొగ్గులో, పెట్రోలులో అది మిగలదు. గాలిలో చేరుతున్నది ఆ పాత కార్బనే అయితే, గాలిలో 14 వాటా పలచబడాలి కదా? 1955లోనే హాన్స్ సూస్ చెట్ల వలయాల్లో ఆ పలచబడటాన్ని చూపించాడు. ఇక సూర్యుడి సంగతి. వేడెక్కించేది సూర్యుడే అయితే కింది గాలీ పై పొరా రెండూ వేడెక్కాలి. కింద వేడెక్కుతోంది, పైన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. కింది వేడి పైకి పోకుండా ఆగుతోందనడానికి అంతకంటే రుజువేం కావాలి? రాత్రుళ్లు కూడా మునుపటిలా చల్లబడటం లేదు.”

బావమరిది మొహంలో పెద్ద మార్పు లేదు. ఫిజిక్స్ క్లాసులో కూర్చున్నవాళ్లందరికీ ఉండే ఓపికే అతనికీ ఉంది. అతన్ని కదిలించిన మాట వేరే చోటి నుంచి వచ్చింది. “మిల్లులో దాళ్వా ధాన్యం పచ్చిబియ్యం ఆడితే ఏమవుతుంది?” అని బావగారు అడిగారు. దాళ్వా అంటే ఎండలు ముదిరే వేళకు కోతకొచ్చే రెండో పంట, సార్వా అంటే వానాకాలపు పంట.

“నూకవుతుంది. అందుకే కదండీ దాన్ని ఉప్పుడు బియ్యం చేసేది. సార్వా గింజ నిలబడినట్టు దాళ్వా గింజ నిలబడదు.”

“ఎందుకు నిలబడదు?”

“ఎండకి.”

“అదే చెబుతున్నాను. గింజ పాలు గట్టిపడే రోజుల్లో రాత్రి కూడా వేడిగా ఉంటే లోపల పిండి సరిగ్గా సర్దుకోదు. మధ్యలో సున్నంలా తెల్లమచ్చ పడుతుంది. రబ్బరు రోలర్ల మధ్యకు వెళ్లగానే అక్కడే విరుగుతుంది. పూత మీద 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని గింజే పట్టదు, తాలు పోతుంది. ఫిలిప్పీన్స్‌లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో పాతికేళ్ల రికార్డులు తీసి 2004లో ప్రచురించారు. అక్కడ ఎండాకాలపు పంటలో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు 10 శాతం తగ్గింది. మనకు దాళ్వాలో నూక ఎప్పటినుంచో ఉందంటావు. ఉంది. దానికి కారణమైన వేడే ఇప్పుడు ఏటేటా పెరుగుతోంది.”

బావమరిది వెంటనే ఏమీ అనలేదు. అతనికి నూక అంటే శాస్త్రం కాదు, బస్తాకు తగ్గే రూపాయలు. క్వింటా ధాన్యం ఆడితే ఎంత బియ్యం, ఎంత నూక, ఎంత తవుడు అన్నది మిల్లరు నిద్రలో కూడా చెప్పగలడు. ధ్రువపు ఎలుగుబంటి ఫోటోలు వెయ్యి చూపించినా కలగని ఆలోచన ఒక్క దోసెడు నూకతో కలుగుతుంది. వాతావరణం గురించి రాసేవాళ్లు, ఈ వ్యాసకర్తతో సహా, ఎలుగుబంట్లను కాస్త పక్కనబెట్టి మిల్లుల్లోకీ కళ్లాల్లోకీ వెళ్తే బాగుంటుంది.

అయినా వ్యాపారస్తుడు అంత తేలిగ్గా బేరం ఒప్పుకోడు. “సరే, వేడెక్కుతోంది. మనుషుల వల్లే అనుకుందాం. ఏ మనుషులు? మన దేశంలో తలకి ఏడాదికి రెండు టన్నుల కార్బన్ డయాక్సైడని మీరే చెప్పారు మొన్న. అమెరికాలో?”

“పద్నాలుగు టన్నుల దాకా. ప్రపంచ సగటు అయిదుకు కాస్త తక్కువ.”

“మరి ఇప్పటిదాకా గాలిలోకి వదిలిన మొత్తంలో?”

“అమెరికాది దాదాపు పావు వంతు. మనది 4 శాతం లోపే.”

“అదండీ సంగతి! అప్పు చేసి పెళ్లి చేసుకున్నది పెద్దింటోళ్లు. వడ్డీ కట్టమని వచ్చేది మా గుమ్మంలోకి. ఇంకో మాట, ఏమనుకోకండేం. మీరు ఏటా అమ్మాయిని చూడ్డానికి డాలస్ వెళ్లొస్తారు. ఆ విమానం పొగ మీ ఖాతాలోదా, నా ఖాతాలోదా?”

దెబ్బ గట్టిగానే తగిలింది. హైదరాబాద్ నుంచి డాలస్‌కు వెళ్లి తిరిగి రావడంలో ఒక ప్రయాణికుడి వంతుకు వచ్చే కార్బన్ డయాక్సైడు, సగటు భారతీయుడి ఏడాది మొత్తానికి దరిదాపుల్లో ఉంటుంది. తెలుగు మధ్యతరగతిలో ఎన్నో ఇళ్లకు ఈ లెక్క వర్తిస్తుంది కాబట్టి ఎవరూ పెళ్లిళ్లలో దాన్ని ఎత్తరు. బావగారు తడుముకుని, “నా ఖాతాలోదే,” అన్నారు. “మనవణ్ణి చూడకుండా ఉండలేను. దానికి సమర్థన లేదు. కానీ నువ్వన్నదాంట్లోనే ఇంకో లెక్క దాగుంది. తలకి రెండు టన్నులంటే నాకూ రెండు, నీ పొలంలో నాట్లు వేసే కూలీకీ రెండు అని కాదు. ఆమెది అందులో చిన్న వంతే. మన పేదవాళ్ల తక్కువ లెక్క వెనక మనం దాక్కుంటున్నాం.”

“మరి ప్రభుత్వాలు?”

“2015లో పారిస్‌లో ఒప్పందానికి వచ్చాయి. 2021లో గ్లాస్గోలో మన దేశం 2070కి నికర ఉద్గారాలు సున్నా చేస్తానంది. డబ్బున్న దేశాలు ఇస్తామన్న సొమ్ము అడగాలి, గట్టిగానే అడగాలి. అడుగుతూనే మన దెబ్బ మనం కాచుకోవాలి. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా, తెలంగాణలో 500 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఎండలో పనిచేసేవాళ్లు, ముసలివాళ్లు. న్యాయం తేలేదాకా వాళ్లు నీడలో కూర్చోలేరు కదా.”

ఇక అసలు ప్రశ్న వచ్చింది. బావమరిది చేతులు చాపి, “అయితే ఏం చేయమంటారో చెప్పండి. బల్బు మార్చమంటారా? గుడ్డసంచీ పట్టుకెళ్లమంటారా? నేను బల్బు మారిస్తే సముద్రం ఆగుద్దా?” అన్నాడు.

“ఆగదు. నువ్వు ఒక్కడివే మారిస్తే ఏమీ ఆగదు. కానీ బల్బుల కథ నువ్వు సగమే విన్నావు. ఎల్ఈడీ బల్బు మొదట్లో మూడొందల పైమాట ఉండేది. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకంలో ప్రభుత్వ సంస్థ కోట్లకొద్దీ టోకున కొనేసరికి రెండేళ్ల లోపే కొనుగోలు ధర నలభై లోపుకు దిగింది. 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. ఎవరి మనసూ మారలేదు. పర్యావరణం మీద ప్రేమతో ఎవడూ కొనలేదు. చవగ్గా దొరికింది, కరెంటు బిల్లు తగ్గింది, కొన్నారు.”

బావగారి వాదంలో కీలకం ఇక్కడుంది. మనుషుల్ని పుణ్యాత్ముల్ని చేసి భూమిని కాపాడదామన్నది ఆయన పథకం కాదు. మంచి పనిని సులువైన పని చేయాలి, అందుకు నలుగురూ కలిసి అడగాలి అంటారు. దీనికి మన తీరంలోనే ఒక గొప్ప రుజువుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా చనిపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను నేరుగా కొట్టి నగరాన్ని చెట్టు లేకుండా చేసింది. ప్రాణనష్టం మాత్రం వంద లోపే. ఈ రెండింటి మధ్య మారింది తుపాను షెల్టర్లు, వాతావరణ శాఖ హెచ్చరికలు, లక్షలమందిని ముందురోజే తరలించే యంత్రాంగం. ఇంట్లో ఫ్యాను కట్టేయడం వల్ల వచ్చిన మార్పు కాదది.

వడదెబ్బకూ అలాంటి ఏర్పాట్లే కావాలి. 2010 వేసవిలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాక అహ్మదాబాద్ 2013లో వేడి కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకుంది. ముందస్తు హెచ్చరిక, పనివేళల మార్పు, ఆసుపత్రుల్లో సిద్ధంగా ఐసు, సెలైన్లు. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. పైకప్పులకు తెల్లని, ఎండను వెనక్కి కొట్టే పూత వేయించడం దాని సారం. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పు చల్లబడాలన్నది లక్ష్యం. రేకుల ఇంట్లో మే నెల మధ్యాహ్నం గడిపినవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. పూత నిజంగా ఎన్ని రేకుల ఇళ్లకు చేరిందో అడగాల్సింది మాత్రం ఆ ఇళ్లవాళ్లే.

కరెంటు దగ్గర బావమరిదికి ఉత్సాహం పుట్టింది, ఎందుకంటే మిల్లు బిల్లు అతనిదే. దేశంలో పుట్టే కరెంటులో ఇంకా మూడొంతులకు దగ్గరగా బొగ్గుదేనని బావగారు అంటే, “మరి సోలార్ రాత్రి వెలగదుగా!” అని పట్టుకున్నాడు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు పుట్టింది ఆ ప్రశ్నకేనని బావగారి జవాబు. పగటి సోలార్, గాలిమర కరెంటుతో నీళ్లను పై రిజర్వాయరుకు తోడి, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. ఇళ్ల కప్పుల మీద పలకలకు సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. “ఆ సంగతి తెలుసండి, అక్కయ్య ఇంటిమీద పెట్టించారుగా,” అని బావమరిది ముక్తసరిగా ఒప్పుకుని, “మిల్లుకు ఇవ్వరే!” అని వెంటనే ఫిర్యాదు చేశాడు.

చివరికి మాట వరి దగ్గరకు వచ్చింది. ఇద్దరికీ నిజంగా తెలిసిన చోటు అది. నిలవనీళ్ల కింద మట్టికి గాలి తగలదు. అక్కడ బతికే సూక్ష్మజీవులు మీథేను తయారుచేస్తాయి. వరి మొక్క కాడలే గొట్టాల్లా పనిచేసి దాన్ని పైకి వదులుతాయి. ఇరవై ఏళ్ల కాలం తీసుకుంటే మీథేను కార్బన్ డయాక్సైడు కంటే 80 రెట్లు ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది. పదేళ్ల చిల్లరలో గాలిలోంచి పోతుంది కూడా. అంటే దీన్ని తగ్గిస్తే ఫలితం మన కళ్లముందే కనిపిస్తుంది.

“మధ్యమధ్య పొలాన్ని ఆరబెట్టు,” అన్నారు బావగారు. “చిల్లులు పొడిచిన అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టం ఒకటి మడిలో పాతు. గొట్టంలోకి తొంగిచూడు. నీళ్లు నేల మట్టానికి అరడుగు కిందికి దిగేదాకా మళ్లీ పెట్టక్కర్లేదు. పూత మీద మాత్రం ఆరనివ్వకు. మీథేను మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది, నీళ్లు పావు వంతు దాకా మిగులుతాయి. దిగుబడి పోదు.”

బావమరిది నవ్వాడు. “ఫిజిక్స్ మాస్టారు వ్యవసాయం చెబుతున్నారు! బావగారూ, బోరు కింద రైతుకైతే మీ మాట బాగానే ఉంటుంది, మోటారు తన చేతిలో ఉంటుంది. మాది కాలువ. దాళ్వాలో వంతులు పెడతారు. వంతు రోజున పెట్టుకోకపోతే మళ్లీ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలుసు. అందుకే వచ్చిన రోజున గట్టు అంచుదాకా నింపుతాం. నీటి తీరువా ఎకరానికింత అని కడతాం గానీ వాడినదాన్ని బట్టి కాదుగా? మిగిల్చినవాడికి ఏం లాభం? ఆరబెడితే కలుపు ఎగబడుతుంది. కూలి ఎంతో తెలుసా మీకు?”

ఇది సాకు కాదు, అసలు అడ్డంకి. వాతావరణ సదస్సుల్లో గొట్టం గురించి చెబుతారు గానీ వంతు గురించి చెప్పరు. కాలువ మొదట్లో ఉన్న పొలాలు అవసరానికి మించి తాగుతుంటే, శివారు భూములకు చివరి తడి అందక పంట ఎండటం డెల్టాలో ఏటా జరిగే రభసే. గొట్టం చిన్నది. తూము దగ్గర ఎవరు ఎప్పుడు తలుపు ఎత్తుతారన్నది పెద్దది. నీళ్లు నికరంగా ఏ రోజున వస్తాయో ముందే తెలిస్తే ఎవరూ భయంతో మడి నింపరు. ఆ పంపకం చూడటానికే 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు పుట్టాయి.

“సంఘంలో నువ్వు సభ్యుడివేగా?” అన్నారు బావగారు.

“సభ్యుణ్నే. అక్కడ పూడికతీత బిల్లుల గొడవ తప్ప మీథేను మాట ఎవడు వింటాడండి?”

“మీథేను అనకు. శివారుకు తడి అంటే వింటారు. పైన పది ఎకరాల్లో వారానికొక తడి మిగిలితే కింద ఎవరి చేను బతుకుతుందో లెక్క రాసి చూపించు.”

బావమరిది గెడ్డం గోక్కున్నాడు. ఇప్పుడు నారుమళ్లు పోస్తున్నారు, నాట్లకు ఇంకా టైముంది. “రెండెకరాల్లో చూస్తాను. తూము పక్క మడే, కనబడుతూ ఉంటుంది. గొట్టాలు మీరు కొనిపెట్టాలి. కలుపు ఎక్కువొస్తే ఆ కూలీ మీదే.”

“గొట్టాలు నావి. కలుపు కూలీ సగం.”

“మొత్తం.”

“సగమే. నూక తగ్గితే లాభంలో నాకు వాటా ఇస్తావా మరి?”

ఆ ప్రశ్నకు బావమరిది జవాబు చెప్పలేదు. కాలువలు ఏప్రిల్లో ఏ తారీఖున కట్టేస్తారో ఈసారి ముందే చెప్పించాలని, తేదీ తెలియకపోతే ఆఖరి తడి లెక్క ఎవడూ వేయలేడని మొదలుపెట్టి, సంఘం అధ్యక్షుడి నంబరు కోసం ఫోను వెతుకుతున్నాడు.